నేను చూడకుండా రాసిన అమీర్‌పేట రాయి

ఆషాఢం వెళ్లిన కొత్తల్లో ఈ పేజీలో నేను రాసిన ‘అమీర్‌పేట నడిబొడ్డున రెండు వేల ఏళ్ల స్మారకశిల’ మీకు గుర్తుండే ఉంటుంది. శుక్రవారం సాయంత్రం పేపరు చేతికి రాగానే వారాంతానికి ఒక పురాతన విశేషం, నవ్వుకోడానికి రెండు వింత ఆచారాలు అందించడం ఈ పేజీ పని. ఆ రాయి కథ మీకు బాగా నచ్చింది. మా ఎరువుల కొట్టుకు వచ్చిన రైతులు యూరియా మాట పక్కనపెట్టి దాని గురించే అడిగారు. ఒక హెడ్మాస్టరు గారు పిల్లల్ని తీసుకెళ్తానని దారి చెప్పమన్నారు. నేను చెప్పలేదు. తెలిస్తే కదా చెప్పడానికి!

ఆ రాయిని నేను చూడలేదు. మా బావమరిది మురళి హైదరాబాదులో శ్రీనగర్ కాలనీలో ఉంటాడు. బోనాల రోజున అమీర్‌పేట సందులో ఒక ఫొటో తీసి పంపాడు. మొద్దులాంటి గుండ్రటి రాయి. పైన పసుపు, కుంకుమ, ఒక వేపరెమ్మ. నడుము చుట్టూ వడ్డాణం పెట్టినట్టు ఒక గీత. "బావా, ఇదేదో పాతదిలా ఉంది, నీకు పనికొస్తుందేమో చూడు" అన్నాడు.

పనికొచ్చింది. హైదరాబాదు చుట్టుపక్కల ఇనుప యుగం నాటి సమాధులు, వాటి చుట్టూ రాతి వలయాలు ఉన్నాయన్నది నిజం. ఆ నిజం పక్కన మురళి ఫొటోను నిలబెట్టాను. నిజం పక్కన నిలబెడితే అబద్ధానికి కూడా కాస్త మర్యాద వస్తుంది. వడ్డాణం గీత మీద ఒక పేరా, పసుపు మీద ఒక పేరా. చివర్లో "ఆ శిల ముందు నిలబడ్డప్పుడు నా ఒళ్లు గగుర్పొడిచింది" అని కూడా రాశాను. ఆ సమయానికి నేను తెనాలిలో, ఫ్యాను కింద, పకోడీలు తింటున్నాను.

మొన్న మురళి ఫోన్ చేశాడు.

"బావా, శుభవార్త. నీ రాయికి అరుగు కట్టి చుట్టూ కమ్మీలు పెడుతున్నారు. ఆదివారం పొద్దున సిమెంటు పోస్తారు. నీ వ్యాసం ఇంత పెద్ద ఫ్లెక్సీ వేయించారు తెలుసా?"

"అలాగా!" అన్నాను పొంగిపోతూ.

"అక్కడ ఇడ్లీ బండి పెట్టుకునే సలోమి గారిని మాత్రం ఖాళీ చేయమన్నారు, పాపం. ఇరవై ఏళ్ల నించీ అదే మూల ఆవిడది. నా టిఫిను కూడా అక్కడే. ఇక వేరే చోటు చూసుకోవాలి."

పొంగు అక్కడితో దిగిపోయింది. మా ఆవిడకు చెబితే ఆవిడ చాలా తేలిగ్గా, "చూడకుండా రాశారు. ఇప్పుడైనా చూసి రండి" అంది. బయల్దేరాను.

శుక్రవారం సాయంత్రం: అమీర్‌పేట

అమీర్‌పేట మెట్రో స్టేషనులో రెండు దారుల రైళ్లు ఒకదాని మీద ఒకటి కలుస్తాయి. మనుషులు కూడా అలాగే కలుస్తారు. నేను దిగాల్సిన మెట్లు కాకుండా వేరే మెట్లు దిగి, రోడ్డుకు అవతలి వైపు తేలాను. మళ్లీ పైకెక్కి ఇవతలికి వచ్చేసరికి నా చేతిలో పదకొండు కరపత్రాలు ఉన్నాయి. అన్నీ కంప్యూటరు కోర్సులవే. మన ఊళ్లో తిరునాళ్లలో బూరలు అమ్మినట్టు ఇక్కడ చదువులు అమ్ముతారు. గోడ మీద, స్తంభం మీద, ఆటో వెనకాల, చివరికి చెరుకురసం బండి మీద కూడా కోర్సుల పేర్లే. అంత చదువు మధ్యలో చెరుకురసం ఎంతో రాయడం ఎవరికీ తోచలేదు.

ఒక అమ్మాయి నన్ను ఆపింది. "అంకుల్, డెమో క్లాస్ ఫ్రీ. జర కూసొని చూడండి."

"నాకు యాభై రెండేళ్లమ్మా."

"ఏజ్ బార్ లేదు అంకుల్."

అప్పుడే వాన దంచి కొట్టడం మొదలుపెట్టింది. గొడుగు మురళి ఇంటికి వెళ్లాక కొందామనుకున్న తెలివి నాది. మూడో అంతస్తులో, ఏసీ గదిలో, నలభై మంది కుర్రవాళ్ల మధ్య గంటసేపు కూర్చున్నాను. పాఠం చెప్పినాయన, ఎక్కడినుంచో తెచ్చిన సమాచారాన్ని సరి చూసుకోకుండా వాడితే ప్రోగ్రాం మొత్తం తప్పుతుందని చెప్పాడు. నా వైపే చూసి చెప్పినట్టనిపించింది. మధ్యలో చాయ్ ఇచ్చారు. మంచి చాయ్.

ఈ ఊరి పేరు గురించి కూడా ఒక ముచ్చట ఉంది. ఎవరో అమీరు గారి జాగీరు కాబట్టి అమీర్‌పేట అయిందట. ‘అట’ అన్నాను, గమనించండి. ఇక మీదట చూడనిదీ విన్నదీ అయితే ‘అట’ అని రాయడం నా నియమం.

శనివారం పొద్దున: సలోమి గారి బండి

మురళి నన్ను సందు మొదట్లో దింపి ఆఫీసుకు వెళ్లిపోయాడు. దూరం నుంచే ఫ్లెక్సీ కనిపించింది. రెండు కరెంటు స్తంభాల మధ్య కట్టారు. నా వ్యాసం మొత్తం ఉంది, పక్కన నా ఫొటో. మా పెళ్లి ఆల్బంలోది, మురళి ఇచ్చాడట. ఆ ఫొటోలో నాకు జుట్టుంది. కింద ‘ప్రముఖ చరిత్రకారులు’ అని రాశారు. నా కళ్లు వాటంతట అవే నేల మీదకి దిగాయి.

నేల మీద రాయి ఉంది. ఫొటోలో మోకాలెత్తు అనుకున్నాను, పిక్కెత్తు కూడా లేదు. దాని ముందు ప్లాస్టిక్ పూలు, ఒక చిల్లర డబ్బా. పక్కనే ఆకుపచ్చ రంగు ఇడ్లీ బండి. బండి అద్దం మీద ‘దేవుడు మనకు తోడు’ అని స్టిక్కరు. వెనకాల యాభై ఏళ్లావిడ ఆవిరి గిన్నె మూత తీస్తోంది. అరటాకు ముక్క మీద నాలుగు ఇడ్లీలు, నలభై రూపాయలు. మన దగ్గర ముప్పై. కానీ ఆ అల్లం చట్నీకి పది ఎక్కువిచ్చినా తప్పులేదు. హైదరాబాదు బండ్ల మీద సాధారణంగా పల్లీ చట్నీని మజ్జిగలా పోస్తారు. ఇక్కడ అల్లంలో బెల్లం తగులుతోంది. మనవాళ్ల చేయి!

"మీది ఎటువైపండీ?" అని అడిగాను.

"పొన్నూరండీ. మీది?"

"తెనాలి."

"అయ్యో, పక్కనే! ఇంకో రెండు వేసుకోండి, పర్లేదు." ఇడ్లీలు పడ్డాయి.

"ఈ రాయేంటండీ?" అన్నాను, ఏమీ ఎరగనట్టు.

"రెండు వేల ఏళ్లదంటండీ. మీ తెనాలి పెద్దాయనెవరో రాశారు." ఆ మాట అనేటప్పుడు ఆవిడ చట్నీ గిన్నెలోకి చూసింది. "చూసినప్పుడు ఆయనకి ఒళ్లు గగుర్పొడిచిందంట."

గాలి లేచింది. బండి మీద నీలం ప్లాస్టిక్ పట్టా ఎగిరిపోబోయింది. సలోమి గారు చేయి చాచి, పట్టా కొస మీద ఉన్న నల్లటి రాతి గుండును ముందుకు జరిపింది. పైన సన్నగా, కింద గుమ్మడికాయలా, నున్నగా మెరుస్తున్న గుండు. చూడగానే మా నాయనమ్మ మోచేయి గుర్తొచ్చింది. అది పొత్రం. రుబ్బురోట్లో పెట్టి తిప్పే పొత్రం.

పొత్రం వైపు చూశాను. రాయి వైపు చూశాను. మళ్లీ పొత్రం వైపు చూశాను. నోట్లో ఇడ్లీ ఆగిపోయింది.

"సలోమి గారూ, ఈ పొత్రానికి రోలేదండీ?"

ఆవిడ చేతిలో గరిటె ఆగింది. "మీరెవరు?"

నేను పైన ఫ్లెక్సీ వైపు వేలు చూపించాను. ఆవిడ ఆ జుట్టు చూసింది, ఈ బట్టతల చూసింది.

"ఆ పెళ్లికొడుకు మీరేనా!" అంది. తర్వాత ఆవిడ నవ్విన తీరు చూసి, అటుగా పోతున్న ఇద్దరు హాస్టలు కుర్రాళ్లు కారణం తెలియకుండానే నవ్వారు. నవ్వు ఎంత తొందరగా వచ్చిందో అంత తొందరగానే పోయింది. "ఇన్నాళ్లకు వచ్చారా? రేపు పొద్దున సిమెంటు పోస్తుంటే ఇవాళ వచ్చారా?"

నిలబడే తిన్నాను, నిలబడే తిట్లు తిన్నాను. తర్వాత ఆవిడే కథ చెప్పింది.

గ్రైండరు కొన్నాక రుబ్బురోలు పని అయిపోయింది. పారేయబుద్ధి కాక బండి పక్కనే ఉంచింది. వానలకు గుంతలో నీళ్లు నిలిచి దోమలు పెరుగుతున్నాయని మున్సిపాలిటీవాళ్లు కసిరారు. అప్పుడు బోర్లించేసింది. రాత్రిళ్లు బండి ఎవరూ తోసుకుపోకుండా చక్రానికి గొలుసు వేసి దానికే కట్టేది.

"ఆ వడ్డాణం గొలుసు రాపిడేనండీ" అంది. "మీరు రాసింది చదివి మా ఆయనా నేనూ కడుపుబ్బ నవ్వాం."

"అప్పుడే చెప్పకపోయారా?"

"ఎలా చెప్పమంటారు? బోనాల రోజు బాలమణక్క నడవలేక బోనం దీని మీద దించి ఆయాసం తీర్చుకుంది. దానికి పసుపు అంటింది. తర్వాత మీ కథ ఫోన్లలో తిరిగింది. రాయి చూడ్డానికి వచ్చినవాళ్లు ఊరికే పోరు కదా, ఇడ్లీ తింటారు. పదిన్నరకి అయ్యే పిండి ఎనిమిదిన్నరకే అయిపోయేది. నోరు మూసుకున్నాను. అది నా తప్పు, కాదనను. ఇప్పుడు చెబితే, ఇన్నాళ్లూ రోలుకి దండాలు పెట్టించావా అంటారు. అటు మా చర్చిలోనేమో, బండి పక్కన ఆ గుడేంటమ్మా అని అడుగుతున్నారు. ఇటూ అటూ నేనే దొరికాను."

ఆవిడ భర్త ప్రభుదాసు గారికి మోకాళ్లు పోయి ఆటో మానేశారు. ఇంట్లో కూర్చుని అల్లం చెక్కు తీస్తారు. ఇల్లంతా ఈ బండి మీదే నడుస్తోంది.

"ట్రాన్స్‌ఫార్మరు వెనక్కి పొమ్మంటున్నారండీ. అక్కడికి కుక్కలొస్తాయిగానీ పిల్లలు రారు. మీరు వెళ్లి, తప్పు రాశానని చెప్పండి. రోలు నాదని మాత్రం అనకండి."

మాటిచ్చాను.

శనివారం మధ్యాహ్నం: బల్కంపేట

అరుగు కట్టించే పెద్దమనిషి యాదగిరి గారికి బల్కంపేటలో పైపుల దుకాణం ఉంది. నడిచి వెళ్లేంత దూరమే. దారిలో ఎల్లమ్మ గుడి. ఇది నేను చూసి రాస్తున్న విశేషం: మన వైపు అమ్మవారి కోసం మెట్లెక్కుతాం. ఇక్కడ అమ్మవారు నేలకంటే కిందుగా, పాత బావిలో పడుకుని ఉంటుంది. పైన నిలబడి కిందికి చూసి దండం పెట్టుకోవాలి. దేవుడిని పైనుంచి చూడటం నాకు కొత్త. తల దానంతటదే వంగిపోయింది. ఆ వేళ నాకు అదే సరైన భంగిమ కూడా.

యాదగిరి గారు మనిషి భారీగా ఉంటారు, గొంతు ఇంకా భారీ. నేనెవరో చెప్పగానే కౌంటరు దాటి వచ్చి రెండు చేతులూ పట్టుకున్నారు.

"మీరేనా సార్! ఫొటోల మస్తు జుట్టున్నది గదా!"

"ఉండేదండీ."

"కూసోండ్రి, చాయ్ తాగుండ్రి. మీ పుణ్యమాని మా గల్లీకి పేరొచ్చింది. లేకుంటే అమీర్‌పేటంటే కంప్యూటర్ కోర్సులు, లేడీస్ హాస్టళ్లు. గింతేనా మా చరిత్ర?"

ఆయన అడిగింది అన్యాయం కాదు. తన సందుకు ఒక పాత కథ కావాలని ఎవరికుండదు? నేను గొంతు సవరించుకుని, ఆ రాయి గురించి రాసింది తప్పని, చూడకుండా రాశానని చెప్పాను.

ఆయన నెమ్మదిగా నవ్వారు. "పెద్దోళ్లు గిట్లనే అంటరు సార్. వినయం."

"వినయం కాదండీ. అది స్మారకశిల కాదు."

"మీరే రాసిన్రు, మీరే కాదంటున్నరు. నేను ఎవరి మాట నమ్మాలె?"

"ఇప్పటి మాట."

"గా మాట పేపర్ల రాలే గదా సార్!"

ఎన్నో ఏళ్లుగా అచ్చులో వచ్చిందే నిజమని మీకు నేర్పినవాళ్లలో నేనూ ఉన్నాను. "మరది కాకుంటే ఏంది?" అని ఆయన సూటిగా అడిగారు. సలోమి గారికి ఇచ్చిన మాట గుర్తొచ్చింది. "ఏదో మామూలు రాయండీ" అన్నాను.

"మామూలు రాయికి నడుము పట్టీ ఉంటదా?" అని నా వ్యాసంతోనే నన్ను కొట్టారు. "ఫికర్ జేయకుండ్రి. సలోమక్కకు సుత వేరే జాగ జూపిచ్చిన. రేపు పొద్దుగాల మీరే ముఖ్య అతిథి. శాలువా తెప్పిచ్చిన."

చాయ్ తాగి బయటికి వచ్చాను. తప్పు చెప్పుకోడానికి వెళ్లినవాడిని, సన్మానం ఒప్పుకుని వచ్చాను.

శనివారం సాయంత్రం: పంజాగుట్ట

మురళి నన్ను ఓదార్చడానికి పంజాగుట్ట తీసుకెళ్లాడు. అక్కడ గుట్ట కనిపించదు. ఫ్లైఓవరు, దాని కింద ట్రాఫిక్కు, దాని పక్కన బట్టల దుకాణాలు కనిపిస్తాయి. పంజా అంటే అయిదు వేళ్ల చెయ్యి కాబట్టి ఏదో రాతి మీద చేతి గుర్తు ఉండేదట. కాదు, అయిదు గుట్టలు ఉండేవట. బిర్యానీ హోటల్లో ఎదుటి బల్ల దగ్గర కూర్చున్న పెద్దాయన మూడోది చెప్పారు, అది ఇక్కడ రాయడానికి వీల్లేదు. మూడూ ‘అట’లే.

ఒకటి మాత్రం ‘అట’ కాదు. ఈ ఊళ్లో ఎక్కడ పునాది తవ్వినా తగిలే నల్లరాయి కోట్ల ఏళ్లనాటిదని భూగర్భ శాస్త్రం చెబుతుంది. మనిషి పుట్టక ముందుది, చెట్టు పుట్టక ముందుది. అలాంటి రాళ్లను పగలగొట్టి అపార్టుమెంట్లు కట్టుకున్నారు. ఎవరూ ఫ్లెక్సీ వేయలేదు. సలోమి గారి రోలు కూడా అలాంటి రాయిదే అయ్యుండాలి. అంటే నేను దాని వయసు చాలా తక్కువ చేసి రాశానన్నమాట! బిర్యానీ తింటూ ఈ మాట మురళితో అంటే వాడు పగలబడి నవ్వాడు.

నవ్వి, తర్వాత నెమ్మదిగా అన్నాడు: "బావా, ఇంత దూరం వచ్చి నువ్వు చేయగలిగింది చేశావు. రేపు మాట్లాడకుండా శాలువా కప్పించుకుని వచ్చేయ్. ఆ ఫొటో ఇచ్చింది నేనే, ఫ్లెక్సీలో ఉన్నది మా అక్క మొగుడని అందరికీ చెప్పుకున్నాను. నా పరువు కూడా ఉంది కదా."

"సలోమి గారు?"

వాడు ఎముక పక్కనపెట్టి, చేయి కడుక్కోవడానికి లేచాడు.

ఆదివారం: రాయి దగ్గర

పొద్దున్నే వెళ్లేసరికి ఇసుక, కంకర, సిమెంటు బస్తాలు దిగి ఉన్నాయి. ఇద్దరు మేస్త్రీలు, యాభై అరవై మంది జనం, ఒక మైకు. ముందు వరసలో కుర్చీ వేసుకుని, రాయి మీద బోనం దించిన ఆ బాలమణి గారు కూర్చున్నారు. డెబ్బై దాటిన మనిషి, నుదుటి మీద రూపాయి బిళ్లంత బొట్టు. సలోమి గారు ఆ రోజు చర్చికి వెళ్లలేదు. తెల్ల చీర కట్టుకుని, బండి పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. గిన్నెలు సర్దేసింది. చక్రం గొలుసు విప్పేసింది.

యాదగిరి గారు నాకు శాలువా కప్పారు. చప్పట్లు. మురళి ఫోనులో వీడియో తీస్తున్నాడు. మైకు నా చేతికి వచ్చింది.

మన కొట్టు ముందు నలుగురితో మాట్లాడటం వేరు. "నేను మీ అందరికీ ఒక మాట చెప్పాలి" అన్నాను. "నేను చరిత్రకారుణ్ని కాదు. తెనాలిలో ఎరువుల కొట్టు నడుపుతాను. ఈ రాయిని నిన్నటి దాకా చూడలేదు. ఫొటో చూసి, తోచింది రాశాను. ఒళ్లు గగుర్పొడవటం కూడా అబద్ధం. దీనికి రెండు వేల ఏళ్లు లేవు. నేను రాసిన ముక్క పట్టుకుని ఈవిడను ఈ మూల నుంచి లేపొద్దు. నన్ను క్షమించండి."

యాదగిరి గారి ముఖం ఎర్రబడింది.

"సార్, నిన్ననంటే వినయమనుకున్న. గింతమంది దండం పెట్టిన్రు దీనికి! మామూలు రాయంటే ఎట్లనయ్యా? ఏం రాయో జెప్పు, జెప్పు మరి!"

నేను నోరు తెరిచి, మూసుకున్నాను. మాట ఇచ్చానుగా. జనం అందరూ నా ముఖం చూస్తున్నారు.

అప్పుడు సలోమి గారు కదిలింది. మేస్త్రీ చేతిలో గడ్డపార తీసుకుంది. ఎవరైనా ఆపేలోపే దాన్ని రాయి కిందికి దూర్చింది. "అమ్మా, అమ్మా!" అని ఎవరో అరిచారు. ఆవిడ ఆగలేదు. ఒక్క పెట్టున కిందికి అదిమింది. రాయి అటు ఒరిగి, ఇటు ఊగి, మెల్లగా దొర్లి వెల్లకిలా పడింది.

నడిమధ్యలో చక్కటి గుంత. అందులోంచి ఒక కప్ప గెంతి, యాదగిరి గారి చెప్పుల మీదుగా పక్కనే మూత లేని మురుగు మోరీలోకి పోయింది.

"నా రుబ్బురోలు" అంది సలోమి గారు. "ఆయన తప్పు రాశాడు, నేను తెలిసీ ఊరుకున్నాను. గిరాకీ పెరిగిందని ఊరుకున్నాను. తిడితే ఇద్దరినీ తిట్టండి. ఈ మూల మాత్రం తీసేయకండి, అన్నా." బండి మీద నుంచి పొత్రం తెచ్చి గుంతలో పెట్టింది. అది అతికినట్టు కూర్చుంది.

ఎవరు ముందు కోప్పడతారోనని అందరూ ఒకరినొకరు చూసుకున్నారు. బాలమణి గారు కుర్చీలోంచి లేచి, చీర కుచ్చిళ్లు పైకి పట్టుకుని, రోలు దగ్గరికొచ్చి వంగి చూశారు.

"ఓ సలోమీ, గిది రోలని నాకెరక లేదనుకున్నవా?"

"తెలుసా అక్కా?" సలోమి గారి నోరు తెరుచుకుంది.

"బోనం దించినప్పుడే జూసిన. పదేండ్ల సంది గీడనే ఇడ్లీ తింటున్న, ఎన్నిసార్లు నువ్వు దీంట్ల రుబ్బంగ జూడలే? బోర్లేస్తే గుర్తు పట్టనా?"

యాదగిరి గారు తల పట్టుకున్నారు. "మరి నువ్వెందుకు జెప్పలే పెద్దమ్మా?"

"ఎందుకు జెప్పాలె? రోలుకు పసుపు పెడితే తప్పా? నా పెండ్లికి పెట్టిన్రు, నీ పెండ్లికి సుత నేనే పెట్టిన. మీ అమ్మనడుగు. పసుపు దంచకుండ పెండ్లయిందారా నీది?" అని జనం వైపు తిరిగారు. "ఎవరి ఇంట్ల రోలుకు బొట్టు పెట్టలేదో చెయ్యి లేపుండ్రి!"

ఎవరూ చెయ్యి లేపలేదు. తర్వాత ఎక్కడో వెనక ఒకరు కిసుక్కుమన్నారు. అది పాకింది. చివరికి యాదగిరి గారి బొజ్జ కూడా కదిలింది.

"నవ్వుతున్న గనీ," అన్నారాయన నవ్వు ఆపుకుంటూ, "మరి నా సిమెంటేం గావాలె?"

"మోరీ మీద రెండు బండలెయ్యిరా. మొన్న నా కాలు దాంట్లనే పడ్డది" అన్నారు బాలమణి గారు.

మేస్త్రీలు అటు తిరిగారు. యాదగిరి గారు నా దగ్గరికి వచ్చి, భుజాల మీద శాలువా తీసి, నాలుగు మడతలు పెట్టి చంకలో పెట్టుకున్నారు. "ఏమనుకోకు సార్. నిజమైన చరిత్ర సార్ ఎవరన్నొస్తే పనికొస్తది." నేను ఏమీ అనుకోలేదు. ఆ రెండు రోజుల్లో నా భుజాలు అంత తేలిగ్గా ఎప్పుడూ లేవు. మురళి కూడా వచ్చి పక్కన నిలబడ్డాడు. "వీడియో మొత్తం తీశాను బావా," అన్నాడు, "అక్కకి పంపనా?" పంపమన్నాను.

బయల్దేరే ముందు

సలోమి గారు గిన్నెలు మళ్లీ దించి, ఆలస్యంగానైనా ఇడ్లీ వేసింది. రోలును ఎప్పటిలా బోర్లించి, చక్రం గొలుసు దానికే కట్టింది. మళ్లీ గుంతలో నీళ్లు నిలిస్తే మున్సిపాలిటీవాళ్లు ఊరుకోరు కదా. చిల్లర డబ్బాను యాదగిరి గారు ఎల్లమ్మ గుడి హుండీకి పంపారు. బాలమణి గారు వెళ్తూ వెళ్తూ, అలవాటు కొద్దీ రోలుకు ఒక చిటికెడు పసుపు పెట్టారు. సలోమి గారు చూసి, "అక్కా!" అంది. "ఊకో" అన్నారావిడ.

మళ్లీ చినుకులు మొదలయ్యాయి. బండి మీది నీలం పట్టా చిరిగిపోయి ఉంది. అందరూ పైకి చూశారు. రెండు స్తంభాల మధ్య నా ఫ్లెక్సీ ఉంది. ఇద్దరు మేస్త్రీలు దాన్ని విప్పి, బండికి పైకప్పుగా కట్టారు. అచ్చు ఉన్న వైపు లోపలికి వచ్చింది. ఇప్పుడు సలోమి గారి బండి దగ్గర ఇడ్లీ తినేవాళ్లు తలెత్తితే, రెండు వేల ఏళ్ల స్మారకశిలా, జుట్టున్న నా ముఖమూ కనిపిస్తాయి.

"తిప్పి కట్టించండీ, మీకు పుణ్యముంటుంది" అని బతిమాలాను.

"ఎందుకండీ? వానలో కూర్చుని తినేవాళ్లకి నవ్వుకోడానికి ఉంటుంది."

"అది అబద్ధం కదండీ."

ఆవిడ బండి సొరుగులోంచి నల్ల మార్కరు తీసి నా చేతిలో పెట్టింది. "అయితే రాయండి."

ప్లాస్టిక్ స్టూలు ఎక్కాను. తల పైకెత్తి, చేతులు చాచి, నా ఫొటో కింద ‘ప్రముఖ చరిత్రకారులు’ అన్నది కొట్టేశాను. దాని పక్కన, చినుకులు మోచేతి మీంచి కారుతుండగా, వీలైనంత పెద్ద అక్షరాలతో రాశాను: ‘ఇది సలోమి గారి రుబ్బురోలు. చూసి రాశాను.’